ఈసీఆర్‌లో కమర్షియల్ షాపు కొనొచ్చా? కోవళం–మహాబలిపురం మధ్య డిమాండ్ నిజంగా ఎంత?

వేళచ్చేరి_వంశీ
అందరికీ నమస్కారం. నాది చెన్నై ఓఎంఆర్‌లో (పాత మహాబలిపురం రోడ్డు) ఐటీ ఉద్యోగం, సొంతూరు ఒంగోలు. మా బావగారూ నేనూ కలిసి ఈసీఆర్‌లో (చెన్నై నుంచి తీరం వెంట మహాబలిపురం వైపు వెళ్లే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) ఒక షాపు కొందామనుకుంటున్నాం. కోవళం దాటాక నెమ్మేలి వైపు, మెయిన్ రోడ్డు మీదే, సముద్రం ఉన్న వైపు. గ్రౌండ్ ఫ్లోర్, బిల్డింగ్ ఇంకా పూర్తి కాలేదు. బ్రోకర్ చెప్పేదేమిటంటే, సిటీ ఇటే పెరుగుతోంది, మెట్రో సిరుసేరి సిప్‌కాట్ ఐటీ పార్కు దాకా వస్తోంది, పెరిఫెరల్ రింగ్ రోడ్డు పూంజేరి దగ్గర కలుస్తుంది, మహాబలిపురం వెళ్లే జనానికి కొదవ లేదు, ఏ కెఫేవాళ్లో సూపర్‌మార్కెట్‌వాళ్లో కళ్లకద్దుకుని తీసుకుంటారు అని. ఆదివారం వెళ్లి చూశాం, కారు పెట్టడానికి చోటు దొరకలేదు. ఇప్పుడు అడ్వాన్స్ కోసం తొందరపెడుతున్నారు. ఆ రోడ్డు మీద వ్యాపారం చేసేవాళ్లు, అప్రూవల్స్ సంగతి తెలిసినవాళ్లు ఉంటే చెప్పండి. రేటు పెరుగుతుందా అన్నది తర్వాత సంగతి. అద్దె వస్తుందా రాదా అన్నదే మా టెన్షన్.

నీలాంకరై_నాగరాజు
ధైర్యంగా కొనండి బ్రదర్. 2000ల మొదట్లో అది టోల్ రోడ్డు అయినప్పుడు కూడా "అంత దూరం ఎవరు పోతారు" అన్నారు. ఇప్పుడు ఇంజంబాక్కం, పనైయూరు చూడండి, రోడ్డు వారన ఖాళీ స్థలం కనపడితే గొప్ప.

లక్ష్మి_టిఫిన్స్_కోవళం
వంశీ గారూ, నేను కోవళంలో టిఫిన్ సెంటర్ నడుపుతున్నాను, దానితోపాటే కేటరింగ్. మాది నెల్లూరు. మీరు ఆదివారం చూసిన జనం నిజమే. వాళ్లు ఎప్పుడు ఆగుతారు, ఎంతసేపు ఆగుతారు అన్నది చూడాలి. తెల్లవారకముందే సైకిళ్లవాళ్లు, బైకులవాళ్లు బయల్దేరతారు. ఏడున్నరకల్లా మా దగ్గర ఇడ్లీ, పొంగల్ అయిపోతాయి. పదకొండు దాటాక ఫ్యామిలీలు. సాయంత్రం ఆరు తర్వాత అందరూ ఒకేసారి సిటీ వైపు తిరుగుతారు. అప్పుడు ఎవరూ ఆగరు, ట్రాఫిక్‌లో ఇరుక్కుంటామని భయం.

సోమవారం పొద్దున్న మా వంటమనిషి ఆదివారం రుబ్బిన పిండిలో మూడో వంతు కూడా రుబ్బడు. బుధవారం దాకా అదే లెక్క. నెలలో శని, ఆదివారాలు కలిపి ఎనిమిది రోజులే. అద్దె మాత్రం ముప్పై రోజులకీ కట్టాలి కదా.

మరి మామూలు రోజుల్లో ఎవరు వస్తారంటే: దర్గాకి వచ్చేవాళ్లు, సర్ఫింగ్ నేర్చుకునే పిల్లలు, కేళంబాక్కం వైపు కాలేజీల, ఆసుపత్రి స్టాఫ్. అన్నిటికంటే ఎక్కువ రిసార్టుల్లో పనిచేసేవాళ్లు. రిసార్టు గెస్టులు లోపలే తింటారు, లోపలే కొనుక్కుంటారు. బయట మనకి దొరికేది వాళ్ల స్టాఫే. ఇది తెలియక "పక్కనే పెద్ద రిసార్టు ఉంది" అని షాపు తీసుకుని, ఏడాది తిరక్కుండా ఖాళీ చేసినవాళ్లని చూశాను. కోవళంలో మాకు కాస్త గట్టిగా నిలబడటానికి కారణం కేళంబాక్కం రోడ్డు. ఓఎంఆర్ నుంచి మనుషులు నేరుగా ఇటు రాగలరు. నెమ్మేలి దగ్గర తిరుప్పోరూరు రోడ్డు ఉంది గానీ, అటు నుంచి రోజూ భోజనానికి వచ్చే జనం లేరు.

వేళచ్చేరి_వంశీ
చాలా థాంక్స్ అక్కా. రిసార్టు స్టాఫ్ సంగతి మాకు తట్టనే లేదు. కేటరింగ్ ఎలా ఉంది? బ్రోకర్ "డెస్టినేషన్ వెడ్డింగ్స్" అని పదేపదే అంటున్నాడు.

లక్ష్మి_టిఫిన్స్_కోవళం
పెళ్లిళ్ల పని బాగుంది, అబద్ధం చెప్పను. మన తెలుగు పెళ్లిళ్లే బోలెడు వస్తున్నాయి, హైదరాబాద్ నుంచి కూడా. ఇందులో ఒక కలిసొచ్చే సంగతి ఉంది. మార్గళిలో, అంటే డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా, పెళ్లిళ్లు ఉండవు. సరిగ్గా అప్పుడే టూరిస్టులు ఎక్కువ. మహాబలిపురంలో డాన్స్ ఫెస్టివల్ కూడా ఆ రోజుల్లోనే. కాబట్టి ఆ నెల ఖాళీగా పోదు. జూలై, ఆగస్టుల్లో పెళ్లిళ్లు లేని నెలలు, తమిళుల ఆడి మాసం, మన ఆషాఢం, కొంత అటూ ఇటూగా కలుస్తాయి. మన శ్రావణం మొదలయ్యేసరికి వాళ్ల ఆడి ఇంకా నడుస్తూ ఉంటుంది, అప్పుడు తెలుగు ఆర్డర్లతో వంటశాల నడుస్తుంది. కానీ ఇదంతా వంటశాలకి వచ్చే లాభం, రోడ్డు మీద షాపుకి కాదు. నా వంటశాల రోడ్డుకి లోపల ఉంది, అద్దె చాలా తక్కువ. పెళ్లివాళ్లకి నా బోర్డు కనపడాల్సిన పని లేదు.

ఇంకొకటి, ఉప్పుగాలి. సముద్రం వైపు అన్నారు కాబట్టి చెబుతున్నా. షట్టర్ స్ప్రింగులు, ఏసీ బయటి యూనిట్ కాయిల్స్, ఫ్రిజ్ కంప్రెసర్లు సిటీలో వచ్చినన్నాళ్లు రావు. మా ఏసీ బయటి యూనిట్ రేకు చేత్తో నొక్కితే బిస్కెట్‌లా విరిగింది. ఆ ఖర్చు ఓనరుదా అద్దెకున్నవాళ్లదా అని ముందే రాసుకోకపోతే రోజూ గొడవే.

లీజింగ్_కిరణ్
నేను పెద్ద రిటైల్, ఫుడ్ బ్రాండ్లకి చోట్లు వెతికిపెట్టే పనిలో ఉన్నాను. లక్ష్మి గారు చెప్పిందాన్ని మా భాషలో చెబుతాను. బ్రాండ్లు సైట్ చూడటానికి మొదట మంగళవారమో బుధవారమో వెళతాయి. ఆదివారం అమ్మకాన్ని ఎవరైనా ఊహించగలరు. వారం మధ్యలో మనుషులు ఉంటేనే స్టాఫ్‌ని పెట్టి, రోజూ సరుకు తెచ్చి, షాపు తెరిచి ఉంచడం గిట్టుబాటు అవుతుంది.

ఆ లెక్కన ఈసీఆర్ అంతా ఒకటి కాదు. తిరువాన్మియూరు నుంచి అక్కరై దాకా కాపురాలు ఉన్న ఏరియా. సోళింగనల్లూరు జంక్షన్ నుంచి లింకు రోడ్డు కూడా అక్కడికే వస్తుంది. మందుల షాపు, డెంటల్ క్లినిక్, సూపర్‌మార్కెట్, పిల్లల ట్యూషన్ సెంటర్, ఏది పెట్టినా నడుస్తుంది. కానత్తూరులో యామెట్ యూనివర్సిటీ వల్ల విద్యార్థులు ఉన్నారు. కోవళం, కేళంబాక్కం రోడ్డు వల్ల బతుకుతుంది. అక్కడి నుంచి మహాబలిపురం దాకా దాదాపు పూర్తిగా వీకెండ్, రిసార్టు డిమాండే. విచిత్రంగా అనిపిస్తుంది గానీ, మహాబలిపురం దాటి ఇంకా దూరం పోతే పుదుపట్టినం బజార్లో షాపులకి నికరమైన గిరాకీ ఉంది. కారణం కల్పాక్కం. అణు విద్యుత్ కేంద్రం ఉద్యోగులు నెల జీతాలవాళ్లు, టౌన్‌షిప్‌లో కాపురాలు. కాకపోతే ప్లాంటు చుట్టూ అయిదు కిలోమీటర్ల లోపల జనాభా పెరగకుండా కట్టడి ఉంటుంది కాబట్టి అక్కడ కొనడం వేరే తలనొప్పి.

బ్రాండ్లు ఇలాంటి వీకెండ్ చోట ఫిక్స్‌డ్ అద్దెకి ఒప్పుకోవడం తక్కువ. చిన్న మినిమం గ్యారంటీ, లేదా అమ్మకంలో వాటా, ఏది ఎక్కువైతే అది అంటారు. కూర్చునేది పార్కింగ్ ఉన్న, సొంత కాంపౌండ్ ఉన్న పెద్ద స్థలంలో. కాంప్లెక్స్‌లో ఒకే షాపు కొన్నవాళ్లకి ఆ బేరం రాదు. పక్క నాలుగు షాపుల ఓనర్లు నలుగురు వేరు వేరు మనుషులైతే, పార్కింగ్ ఎవరిదో తేలేలోపు బ్రాండ్ ఇంకో చోట సంతకం పెట్టేస్తుంది.

నీలాంకరై_నాగరాజు
కిరణ్ గారూ, మీరు ఇప్పటి సంగతి చెబుతున్నారు. ముట్టుకాడులో కలైజ్ఞర్ కన్వెన్షన్ సెంటర్ వస్తోంది. తిరుప్పోరూరు దగ్గర ఇల్లలూరులో వండర్‌లా థీమ్ పార్కు వచ్చింది. కోవళం బీచ్‌కి 2021లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన బీచ్‌లకి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చింది. 2022 చెస్ ఒలింపియాడ్ పూంజేరిలో జరిగింది, నూట ఎనభైకి పైగా దేశాల వాళ్లు వచ్చారు. 2021-22లో తాజ్‌మహల్ కంటే మహాబలిపురం చూడటానికే ఎక్కువమంది విదేశీయులు వచ్చారు, 1.4 లక్షల పైచిలుకు. ఇంత జరుగుతుంటే డిమాండ్ లేదంటే ఎలా?

లీజింగ్_కిరణ్
డిమాండ్ లేదనలేదండి. అది ఏ రకం డిమాండ్ అన్నదే నా మాట. మీరు చెప్పినవన్నీ గదులకి, బాంక్వెట్ హాళ్లకి, పెద్ద రెస్టారెంట్లకి పని కల్పిస్తాయి. హోటల్ పెట్టేవాళ్లకి ఇప్పుడు ఇంకో వెసులుబాటు కూడా ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకి 7,500 రూపాయల లోపు గదులకి జీఎస్టీ 12% నుంచి 5%కి తగ్గింది, ఇన్‌పుట్ క్రెడిట్ (హోటల్ తన కొనుగోళ్ల మీద కట్టిన పన్నుని మినహాయించుకోవడం) లేకుండా. గెస్టుకి బిల్లు తగ్గుతుంది, మధ్యరకం హోటళ్లకి కలిసొస్తుంది. కానీ వంశీ గారు కొంటున్నది హోటల్ కాదు, షాపు.

మెట్రో సంగతి కూడా చెప్పాలి. మాధవరం–సిప్‌కాట్ లైను ఓఎంఆర్ మీదుగా సిరుసేరిలో ఆగుతుంది. అక్కడికీ నెమ్మేలికీ మధ్య బకింగ్‌హామ్ కాలువ, బ్యాక్‌వాటర్ ఉన్నాయి. మ్యాప్‌లో దగ్గరగా కనపడుతుంది. స్టేషన్ దిగినవాడు నెమ్మేలికి రావాలంటే మళ్లీ బండి కావాలి.

డ్రాయింగ్_బోర్డు_ఉమ
ఆర్కిటెక్ట్‌ని, అడయార్‌లో ప్రాక్టీసు. ఓఎంఆర్‌లో అద్దాల టవర్లు లేస్తే రెండు కిలోమీటర్ల దూరంలో ఈసీఆర్‌లో ఎందుకు లేవలేదని చాలామంది అడుగుతారు. కాలువకీ సముద్రానికీ మధ్య ఉన్నది ఇసుక నేల. వానలు పడితే ఆ ఇసుకలో మంచినీళ్లు నిలుస్తాయి, దానికి అటూ ఇటూ ఉప్పునీళ్లు. ఎక్కువగా తోడితే ఉప్పు లోపలికి వచ్చేస్తుంది. అందుకే సీఎండీఏ (చెన్నై నగరాభివృద్ధి సంస్థ) మాస్టర్ ప్లాన్‌లో తిరువాన్మియూరు దక్షిణం నుంచి ఉత్తండి వైపు దాకా ఆక్విఫర్ రీచార్జ్ ఏరియా (భూగర్భజలం ఇంకే ప్రాంతం) అని పెట్టి ఎత్తుని, ఎఫ్‌ఎస్‌ఐని (స్థలంతో పోలిస్తే ఎంత కట్టొచ్చన్న లెక్క) బాగా తగ్గించారు. పెద్ద ఆఫీసులు రాలేదు, ఆఫీసులు రాలేదు కాబట్టి వారం మధ్య మధ్యాహ్న భోజనానికి బయటికొచ్చే వేలమంది ఉద్యోగులూ రాలేదు. లక్ష్మి గారి సోమవారం పిండి లెక్కకి మూలం ఇదే.

మహాబలిపురం ఊళ్లో ఇంకో కట్టడి. 1984 నుంచి అది యునెస్కో వారసత్వ స్థలం. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం నుంచి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆ తర్వాత 200 మీటర్లు అనుమతి తీసుకుని కట్టాలి. ఆ ఊళ్లో గుడులు, రథాలు, గుహలు ఒక్కచోట లేవు, ఊరంతా పరుచుకుని ఉన్నాయి. వాటి చుట్టూ గీతలు గీస్తే మిగిలేది కొంచెమే. అందుకే పెద్ద హోటళ్లు పూంజేరి వైపూ, ఉత్తరాన దేవనేరి, పట్టిపులం వైపూ జరిగాయి. నాకు ఇది మంచిదే అనిపిస్తుంది. తీర దేవాలయం వెనక అయిదంతస్తుల లాడ్జి లేచి ఉంటే, ఈ రోజు ఏ విదేశీయుడు వస్తాడు?

నీళ్ల మాట వచ్చింది కాబట్టి, నెమ్మేలిలో రోజుకి 10 కోట్ల లీటర్ల డీశాలినేషన్ (సముద్రపు నీటిని మంచినీళ్లు చేసే) ప్లాంటు 2013 నుంచి ఉంది, 15 కోట్ల లీటర్ల రెండోది 2024లో మొదలైంది. ప్లాంటు గోడ పక్కన షాపు ఉన్నంత మాత్రాన ఆ నీళ్లు మనకి వస్తాయనుకోవద్దు, అవి సిటీకి కట్టినవి. మీ బిల్డర్ని నీళ్లు ఎక్కడివి, మురుగు ఎక్కడికి పోతుంది అని రాతపూర్వకంగా అడగండి. బోరు, ట్యాంకర్, సెప్టిక్ లారీ అని జవాబొస్తే నెల ఖర్చులో వేసుకోండి.

అనిత_బెసెంట్‌నగర్
ఉమ గారు చెప్పిన దానికి ఒక మాట. సముద్రం వైపు స్థలం అంటే సీఆర్‌జెడ్ (తీరంలో కట్టడాల్ని నియంత్రించే కోస్టల్ రెగ్యులేషన్ జోన్) తప్పకుండా చూడాలి. పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా అది వర్తిస్తుంది. ఆ దారిలో చాలా చోట్ల రోడ్డుకీ సముద్రానికీ మధ్య అంత దూరం కూడా లేదు. 2019 నోటిఫికేషన్ ప్రకారం గ్రామీణ తీరంలో జనసాంద్రత ఎక్కువ ఉన్నచోట 50 మీటర్లు, తక్కువ ఉన్నచోట 200 మీటర్లు కట్టకూడని జోన్. బ్యాక్‌వాటర్, పోటు నీరు వచ్చే కాలువల పక్కన కూడా 50 మీటర్లు లేదా ఆ కాలువ వెడల్పు, ఏది తక్కువైతే అంత. కాబట్టి పడమర వైపు కొన్నా తప్పించుకున్నట్టు కాదు.

ఇది కాగితాల గొడవగా మాత్రమే చూడకండి, దయచేసి. జనవరి నుంచి మార్చి దాకా ఆ తీరమంతా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. 2025 జనవరిలో చెన్నై తీరానికి చచ్చిన తాబేళ్లు కొట్టుకొచ్చాయి, అవి చూసినవాళ్లెవరూ మర్చిపోలేరు. పిల్లలు గుడ్డులోంచి బయటికి రాగానే వెలుతురు వైపు నడుస్తాయి. సముద్రం వైపు నడవాల్సినవి రిసార్టు ఫ్లడ్‌లైట్లు చూసి రోడ్డు వైపు వచ్చేస్తాయి. ఆ కుప్పాల్లో (జాలరి పల్లెల్లో) జాలర్లు పడవలు పెట్టుకునే, వలలు ఆరేసుకునే ఇసుక కూడా అదే. ప్రైవేటు గోడలు కట్టుకుంటూ పోతే వాళ్లు సముద్రానికి వెళ్లే దారే మూసుకుపోతుంది. ఆ బీచ్‌ని చూడటానికే జనం వస్తున్నారు. దాన్ని పాడుచేసే కమర్షియల్ పెరుగుదల నాకు పెరుగుదలలా కనపడదు.

తుపాన్లు కూడా గుర్తుంచుకోండి. 2012లో నీలం, 2022 డిసెంబరులో మాండూస్, రెండూ మహాబలిపురం దగ్గరే తీరం దాటాయి.

సతీష్_వైజాగ్
మా భీమిలి రోడ్డు మీద కూడా ఇదే పాట. భోగాపురం ఎయిర్‌పోర్టు పేరు చెప్పి ఏళ్లుగా అమ్ముతున్నారు. రుషికొండలో వీకెండ్ వస్తే సందడి, మంగళవారం కుర్చీలు ఖాళీ. అక్కడ నిలబడినవి యూనివర్సిటీ, ఐటీ హిల్ దగ్గర ఉన్న షాపులే. ఫాలో అవుతున్నా.

లాయర్_ప్రసాద్
వంశీ గారూ, ముందు అడ్వాన్స్ ఆపండి. తర్వాత ఇవి తెప్పించండి. పట్టా, చిట్టా (రెవెన్యూ రికార్డు), ఎఫ్‌ఎంబీ స్కెచ్ (సర్వే హద్దుల పటం), కనీసం ముప్పై ఏళ్ల విల్లంగం (మన ఈసీ). తీరంలో పొరంబోకు (ప్రభుత్వ) భూములు ఎక్కువ, పట్టా స్థలాల మధ్య సన్నటి చారలుగా ఉంటాయి. సర్వే నంబరు సబ్‌డివిజన్ దాకా సరిపోవాలి. ప్లానింగ్ పర్మిట్ డీటీసీపీదా (రాష్ట్ర పట్టణ ప్రణాళిక శాఖ) సీఎండీఏదా, అందులో "కమర్షియల్" అని ఉందా, లేక ఇల్లుగా అనుమతి తీసుకుని షాపులు కడుతున్నారా చూడండి. సీఆర్‌జెడ్ క్లియరెన్స్ కాపీ, దాంతోపాటు సర్వే నంబరు గుర్తించిన సీఆర్‌జెడ్ మ్యాపు అడగండి. అలాంటి మ్యాపులు అన్నా యూనివర్సిటీలోని రిమోట్ సెన్సింగ్ ఇన్‌స్టిట్యూట్ లాంటి గుర్తింపు ఉన్న సంస్థలే ఇస్తాయి. బిల్డర్ గీయించిన బొమ్మ చెల్లదు. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, యూనిట్లు ఎనిమిది దాటినా రెరా నంబరు ఉండాలి, షాపుల కాంప్లెక్స్ అయినా సరే.

డబ్బు లెక్క. కట్టడం పూర్తి కాని కమర్షియల్‌కి 12% జీఎస్టీ. స్టాంపు డ్యూటీ 7%, రిజిస్ట్రేషన్ 2%. మాటవరసకి కోటి రూపాయల షాపు అనుకోండి. మీ జేబులోంచి పోయేది సుమారు కోటీ 21 లక్షలు. నెలకి 45 వేలు అద్దె, పన్నెండు నెలలూ ఖాళీ లేకుండా వచ్చిందనుకున్నా 5.4 లక్షలు, అంటే నాలుగున్నర శాతం. అందులోంచి ఆస్తి పన్ను, మెయింటెనెన్స్, లక్ష్మి గారి ఉప్పుగాలి రిపేర్లు. రెండు నెలలు ఖాళీగా ఉంటే ఫిక్స్‌డ్ డిపాజిట్ నయం. కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చాక కొంటే జీఎస్టీ ఉండదు, అదీ ఆలోచించండి.

వేళచ్చేరి_వంశీ
ప్రసాద్ గారూ, ఈ లెక్క బావగారికి పంపాను. బిల్డర్ ఆఫీసుకి ఫోన్ చేసి సీఆర్‌జెడ్ కాగితం అడిగితే "ఆ ఏరియాకి అవసరం లేదు సార్" అన్నారు. ప్లానింగ్ పర్మిట్ నంబరు వాట్సాప్‌లో పంపుతామన్నారు, ఇంకా రాలేదు. ఇదే డబ్బుతో నీలాంకరైలోనో పాలవాక్కంలోనో చిన్న షాపు చూస్తే ఎలా ఉంటుంది?

డ్రాయింగ్_బోర్డు_ఉమ
ఆ వైపు వారం మధ్య గిరాకీ ఉంది కాబట్టి ఆలోచన మంచిదే. కానీ రెండు జాగ్రత్తలు. తిరువాన్మియూరు–అక్కరై మధ్య రోడ్డు వెడల్పు కోసం భూసేకరణ ఏళ్ల తరబడి నడుస్తోంది, మీ షాపు ముందు భాగం ఆ గీతలో పడుతుందేమో చూడాలి. రెండు, తిరువాన్మియూరు నుంచి ఉత్తండి దాకా 14.2 కిలోమీటర్ల ఎలివేటెడ్ కారిడార్‌ని 2025 బడ్జెట్‌లో ప్రకటించారు. పిల్లర్లు లేచే రోజుల్లో రోడ్డు మీద షాపుల పరిస్థితి ఎలా ఉంటుందో ఓఎంఆర్‌లో మెట్రో పని చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. పైవంతెన పూర్తయ్యాక మహాబలిపురం వెళ్లే కార్లు పైనుంచే పోతాయి. కింద మిగిలేది ఆ చుట్టుపక్కల కాపురాల జనం. అందుకని మెయిన్ రోడ్డు ఫ్రంటేజ్‌కి ఎక్కువ ధర పెట్టే బదులు, లోపలి అడ్డరోడ్డు మొదట్లో, స్కూలుకో అపార్టుమెంట్లకో దగ్గరగా చూడండి.

నీలాంకరై_నాగరాజు
భూసేకరణ మాట నిజమే. మా వీధి చివర షాపులకి ముందు మెట్లు పోయాయి. వంశీ, మా వైపు వస్తే నాకు మెసేజ్ పెట్టండి, అద్దెకున్నవాళ్లతో మాట్లాడిస్తాను.

లక్ష్మి_టిఫిన్స్_కోవళం
కోవళం వైపే మనసు ఉంటే కొనకుండా మూడేళ్ల లీజుకి తీసుకుని ఏదైనా పెట్టి చూడండి. ఇక్కడ కమర్షియల్‌కి పది నెలల అడ్వాన్స్ అడుగుతారు, బేరమాడితే ఆరుకి దిగుతారు. జనరేటర్ పెట్టుకునే చోటు, సెప్టిక్ లారీ వెనక దాకా వచ్చే దారి ఉన్నాయో లేదో చూసుకోండి.

వేళచ్చేరి_వంశీ
బావగారు ఒప్పుకున్నారు, నెమ్మేలి అడ్వాన్స్ ఇవ్వడం లేదు. బుధవారం సెలవు పెట్టి పాలవాక్కం నుంచి కోవళం దాకా ఇద్దరం తిరుగుతాం. నాగరాజు గారూ, మీకు మెసేజ్ పెట్టాను. ప్రసాద్ గారూ, లీజుకైతే అగ్రిమెంట్ నోటరీ చేయిస్తే సరిపోతుందా?

లాయర్_ప్రసాద్
సరిపోదు. ఏడాది దాటిన లీజు సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయించాలి. దానికి తోడు 2017 తమిళనాడు అద్దె చట్టం కింద రెంట్ అథారిటీ దగ్గర కూడా అగ్రిమెంట్ నమోదు చేయించాలి. ఓనరు జీఎస్టీలో ఉంటే అద్దె మీద 18% పడుతుంది. నెల అద్దె 50 వేలు దాటితే మీ వ్యాపారం తరఫున 10% టీడీఎస్ కోయాల్సి రావచ్చు, ఆడిటర్‌ని అడగండి. డ్రాఫ్ట్ వచ్చాక లాక్‌ఇన్ క్లాజు, రిపేర్ల క్లాజు ఉన్న పేజీలు ఇక్కడ పెట్టండి, పేర్లు కొట్టేసి. చూసి చెబుతాను.